ఎర్త్ పిన్ పీకేసిన యాంప్: ఒక బేస్ గిటార్ కేసు

తిరుపతిలో యాంప్లిఫయర్లు, కీబోర్డులు, గిటార్ల ఎలక్ట్రానిక్ పనులు చేసే నా దగ్గరికి వేసవి ముహూర్తాల్లో వచ్చే సరుకులో సగం ఒకే ఫిర్యాదుతో వస్తుంది: “గుయ్ మంటోంది.” ఆ ఒక్క మాట కింద ఎన్ని వేర్వేరు జబ్బులు దాక్కొని ఉండవచ్చో నాకు బాగా తెలుసనే అనుకుంటూ వచ్చాను. ఒక బేస్ గిటార్ వాద్యకారుడి కేసులో, మే నెల మొదట్లో మొదలై ఆషాఢం దాకా సాగిన పనిలో, నేను రెండుసార్లు తప్పుదారి పట్టాను. ఆ తప్పులు చేయడానికి అప్పుడు నాకు కనిపించిన కారణాలతో సహా ఇక్కడ రాస్తున్నాను. వాద్యకారుడి పేరు, బృందం పేరు, మండపాల పేర్లు ఇవ్వలేదు. గిటార్, యాంప్ ఏ కంపెనీవో కూడా చెప్పడం లేదు, ఎందుకంటే ఇందులో ఏ కంపెనీ తప్పూ లేదు.

నేపథ్యం

ఈయన పదేళ్లకు పైగా పెళ్లి ఆర్కెస్ట్రాల్లో, జాతర కచేరీల్లో బేస్ వాయిస్తున్నారు. 2022లో జిల్లాలు విడిపోయినా మా వైపు ఆర్కెస్ట్రాలకు తిరుపతి, చిత్తూరు, మదనపల్లె అన్నీ ఒకే పొలం. ముహూర్తాల రోజుల్లో నెలకు పది పన్నెండు ప్రోగ్రాములు, ఆషాఢంలో ఒకటీ అరా ఉంటాయి. వాద్యం నాలుగు తీగల బేస్, రెండు సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే, అయస్కాంతం మీద ఒకే రాగి చుట్టు ఉన్న భాగాలు), బ్యాటరీ లేని పాసివ్ రకం. దానితో పాటు 100 వాట్ల కాంబో యాంప్ ఒకటి. వేదిక మీద తనకూ డ్రమ్స్ అబ్బాయికీ వినబడటానికి ఆ యాంప్, జనానికి వినబడటానికి దాని లైన్ అవుట్ నుంచి మిక్సర్‌కు ఒక పొడవాటి కేబుల్. మా ప్రాంతంలో బేస్ వాయించే చాలామంది ఏర్పాటు ఇదే.

వచ్చిన ఫిర్యాదు

ఆయన చెప్పింది నాలుగు ముక్కలు. కొన్ని మండపాల్లో గుయ్ మనే రొద వస్తోంది, కొన్నింటిలో అసలు రాదు. పాట మధ్యలో ఉన్నట్టుండి శబ్దం సన్నబడిపోతుంది, కాసేపటికి దానంతట అదే తిరిగి వస్తుంది. ఈ మధ్య బేస్‌లో లావు పోయింది. వాయిస్తుంటే కరకర మంటోంది.

నా దగ్గరికి రాకముందే ఆయన చేయించినవి కూడా నాలుగున్నాయి. పికప్‌లు రెండూ మార్పించారు. తీగలు మార్చి, మునుపటికన్నా సన్నని సెట్ వేశారు. నాయిస్ గేట్ అనే పెడల్ కొన్నారు. అన్నీ కలిపి 16,000 రూపాయల దాకా అయింది. నాలుగోదానికి పైసా ఖర్చు కాలేదు. యాంప్ ప్లగ్‌కు ఉండే మూడు పిన్నుల్లో పైనున్న లావుపాటి ఎర్త్ పిన్‌ను ఎవరో సలహా ఇస్తే పీకేశారు. “అది తీసినాక చానా మండపాల్లో గుయ్ మనడం నిలిచిపోయిందన్నా” అన్నారు. ఆ తరువాత, వెళ్లబోతూ గుమ్మం దగ్గర నిలబడి, పెద్ద విషయం కానట్టు ఇంకో మాట అన్నారు: కోరస్ పాడటానికి మైకు దగ్గరికి పోతే అప్పుడప్పుడు పెదవులకు జివ్వుమంటోందని.

ఆయన వరుసలో చివరన వచ్చిన ఆ మాట నా వరుసలో మొదటికి వచ్చింది. రొద వల్ల కచేరీ చెడుతుంది, ఇంటికి మాత్రం అందరూ తిరిగి వెళ్తారు. పెదవులకు జివ్వుమనడం ఆ కోవలోది కాదు.

మొదటి నిర్ణయం: ఎర్త్

బేస్ తీగలు బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే లోహపు భాగం) ద్వారా కేబుల్ షీల్డుకు (సంకేతం తీగ చుట్టూ ఉండే లోహపు తొడుగుకు), అక్కడి నుంచి యాంప్ ఇనుప చట్రానికి కలిసి ఉంటాయి. అంటే వాద్యకారుడి చేతులు ఎప్పుడూ యాంప్ చట్రాన్ని పట్టుకొని ఉన్నట్టే లెక్క. మైకు మీది జాలీ మిక్సర్ ద్వారా ఎర్త్‌కు కలిసి ఉంటుంది. యాంప్ ఎర్త్ తీసేస్తే ఈ రెండింటికీ మధ్య వంతెన ఆయన శరీరమే. ఆ యాంప్‌ను పిన్ లేకుండానే నా బల్ల మీద పెట్టి చట్రానికీ ఎర్త్‌కూ మధ్య కొలిస్తే డిజిటల్ మీటర్ 108 వోల్టులు చూపించింది. 230 వోల్టుల్లో దాదాపు సగం. అంత చూసి ట్రాన్స్‌ఫార్మర్ లీకవుతోందని తేల్చేయకూడదు. సరఫరా వచ్చే చోట లైనుకూ చట్రానికీ, న్యూట్రల్‌కూ చట్రానికీ మధ్య రొదను అణచే చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ ఉంటే వాటి కరెంటు మౌనంగా భూమిలోకి పోతుంది, ఎర్త్ లేకపోతే చట్రం సగం వోల్టేజీ దగ్గర వేలాడుతుంది. అందుకని కరెంటును విడిగా కొలిచాను, 0.3 మిల్లీ ఆంపియర్లు వచ్చింది. 500 వోల్టుల మెగ్గర్‌తో ఇన్సులేషన్ పరీక్షిస్తే బాగానే ఉంది. కాబట్టి ఆ రోజుకు ఆయనకు తగిలేది జివ్వుమనడమే, అంతకు మించి ఏమీ కాదు. అయితే ఏదో ఒక రోజు లోపల ఒక లైను తీగ ఊడి చట్రానికి తగిలితే, ఫ్యూజును కొట్టేయవలసిన ఎర్త్ అక్కడ ఉండదు, ఆయన చేతులుంటాయి.

కొత్త ప్లగ్ టాప్ వేసి, మూడు పిన్నులూ లేకుండా యాంప్ తిరిగి ఇవ్వనని చెప్పాను. ఆయన అయిష్టంగానే ఒప్పుకున్నారు. “ఎర్త్ పెడితే మళ్లీ గుయ్ మంటాది కదన్నా” అన్న మాటలో న్యాయం ఉంది. పిన్ పీకినందుకు మందలించి పంపేసి, పీకవలసి వచ్చిన కారణాన్ని అలాగే వదిలేస్తే, మళ్లీ వారం తిరక్కముందే ఆ పిన్ మాయమవుతుందని అనుభవం మీద తెలుసు.

బల్ల మీద చేసిన పని, అది ఫలించకపోవడం

ఇక్కడే నా మొదటి తప్పు. నా షాపులో ఆ బేస్‌ను ఆ యాంప్‌కు కలిపితే రొద లేదనే చెప్పాలి. సింగిల్ కాయిల్ పికప్‌లకు సహజంగా ఉండే కొద్దిపాటి మూలుగు తప్ప ఏమీ వినబడలేదు. తీగల మీద చెయ్యి వేస్తే అదీ తగ్గుతోంది, కాబట్టి బ్రిడ్జి ఎర్త్ సరిగానే ఉంది. జబ్బు కనబడనప్పుడు ఆగిపోవాలి. నేను మాత్రం చేతనైన పనికి దిగాను. పికప్‌లు, నాబ్‌లు ఉండే గుంతల లోపల రాగి టేపు అంటించి, అతుకులన్నీ సాల్డర్ చేసి, షీల్డింగ్ పూర్తిచేసి ఇచ్చాను. పని నీటుగా వచ్చింది. ఆయన మొదటి ప్రోగ్రాముకే ఫోన్ చేసి రొద మునుపటిలాగే ఉందన్నారు.

రాగి టేపు విద్యుత్ క్షేత్రం నుంచి వచ్చే రొదను ఆపుతుంది. ట్రాన్స్‌ఫార్మర్లు, లైట్ల డిమ్మర్ల చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని ఆపలేదు. కేబుల్ షీల్డులో పారే కరెంటుతో దానికి అసలు సంబంధమే లేదు. ఇవన్నీ తెలిసినవే. మరి ఎందుకు చేశానంటే, వాద్యం నా బల్ల మీద ఉంది కాబట్టి జబ్బు వాద్యంలోనే ఉంటుందని మనసు ముందే అనేసుకుంది.

రెండోసారి ఫోన్ వచ్చినప్పుడు మొదటే అడగవలసిన ప్రశ్న అడిగాను. రొద వస్తున్నప్పుడు గిటార్ మీది వాల్యూమ్ నాబ్‌లు రెండూ పూర్తిగా తగ్గిస్తే ఏమవుతుంది? ఆయన వేదిక మీదికి వెళ్లి చూసి, సగం పోయింది, సగం అలాగే ఉంది అని చెప్పారు. కేసు మొత్తంలో అన్నిటికన్నా విలువైన సమాచారం ఆ ఒక్క వాక్యమే. నాబ్ తగ్గిస్తే పోయే రొద గిటార్ నుంచి వస్తోంది, తగ్గించినా పోనిది యాంప్, కేబుల్, కరెంటు వైపు నుంచి వస్తోంది. అంటే ఒకటే అనుకున్న రొద నిజానికి రెండు.

పికప్‌లు: పోయిన లావు

గిటార్ వైపు సగాన్ని ముందు తీసుకున్నాను. ఇలాంటి రెండు పికప్‌ల బేస్‌ను తయారీలోనే ఒక పద్ధతిలో చేస్తారు. రెండో పికప్ చుట్టును మొదటిదానికి వ్యతిరేక దిశలో, దాని అయస్కాంతాన్ని తలకిందులుగా పెడతారు. బయటి నుంచి వచ్చే రొదకు అయస్కాంతంతో పని లేదు, అది చుట్టు దిశను బట్టి మాత్రమే నడుస్తుంది కాబట్టి రెండు పికప్‌లలోనూ ఎదురెదురుగా వచ్చి రద్దవుతుంది. తీగ శబ్దం చుట్టు దిశ, అయస్కాంతం రెండింటి మీదా ఆధారపడుతుంది, రెండూ తిరగబడినందువల్ల అది మాత్రం రెండింటిలోనూ ఒకే వైపుకు వచ్చి కలుస్తుంది. రెండు నాబ్‌లూ సమానంగా ఉన్నప్పుడు ఈ రకం బేస్ నిశ్శబ్దంగా ఉండటానికి కారణం ఇదే.

ఆయన వేయించుకున్న కొత్త పికప్‌లు జతగా కొన్నవి కావు, ఒకటి ఒకచోట, మరొకటి ఇంకోచోట కొన్నవి. వంద రూపాయల దిక్సూచిని రెండింటి మీదా పెట్టి చూస్తే ముల్లు రెండు చోట్లా ఒకే కొనను చూపించింది. అంటే అయస్కాంతాలు రెండూ ఒకే వైపున ఉన్నాయి. వాటిని అమర్చిన వారు మొదట తీగ శబ్దం కలిసేలా వైర్లు వేశారు, దాంతో రొద కూడా కలిసి రెట్టింపైంది. ఈయన వెనక్కి తీసుకెళ్తే ఒక పికప్ వైర్లు తిప్పి వేశారు. రొద రద్దయింది, దానితో పాటు బేస్ కూడా రద్దయింది. రెండు పికప్‌లు ఎదురెదురుగా పనిచేస్తే ముందుగా కరిగిపోయేది మంద్రస్థాయే, ఎందుకంటే తీగ నిడివంతా ఒకేలా ఊగే ఆ కింది స్వరాలను రెండు పికప్‌లూ దాదాపు ఒకేలా పట్టుకుంటాయి. మిగిలేది ముక్కుతో పాడినట్టుండే పలుచని ధ్వని. ఆయన అన్న ‘లావు పోవడం’ అదే. ఆ పలుచదనం భరించలేక ఒక నాబ్ తగ్గించి వాయించడం అలవాటు చేసుకున్నారు. లావు కొంత వచ్చింది, రద్దు కావలసిన రొద మాత్రం తిరిగి వచ్చి కూర్చుంది.

ఒక పికప్ అయస్కాంతాన్ని తిప్పవచ్చునేమో ఆలోచించాను. అందులో స్తంభాలే అయస్కాంతాలు, సన్నని రాగి తీగ నేరుగా వాటి చుట్టూ చుట్టి ఉంది. వాటిని కదిపితే చుట్టు తెగుతుంది. అదృష్టవశాత్తు పాత పికప్‌లు ఇంట్లో ఒక బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. దిక్సూచి పెడితే సరైన జత. వాటినే తిరిగి వేశాను. కొత్తవి 9,000 రూపాయలు పెట్టి కొన్నవని ఆయన కాసేపు దిగులుపడ్డారు, వాయించి చూశాక ఆ మాట ఎత్తలేదు.

మండపంలో

మిగిలిన సగం రొద కోసం మీటరు, టెస్టరు పట్టుకొని ఒక రిసెప్షన్‌కు ఆయనతో వెళ్లాను. చిత్తూరు రోడ్డులోని ఆ మండపంలో సాయంత్రం నాలుగు గంటలకే సౌండ్ సెట్ వాళ్లు దింపుకుంటున్నారు. యాంప్‌ను వేదిక వెనక గోడలోని సాకెట్‌కు పెట్టారు. మిక్సర్ హాలు అవతలి చివర, సౌండ్ సెట్ వాళ్లు మెయిన్ బోర్డు దగ్గర నుంచి లాగిన సొంత లైను మీద ఉంది. రెండు చోట్లా ఎర్త్ ఉంది. ఆ రెండు ఎర్త్‌ల మధ్య మీటరు పెడితే మూడు వోల్టుల పైచిలుకు చూపించింది.

మూడు వోల్టులు మనిషికి తెలియవు. లైన్ అవుట్ నుంచి మిక్సర్‌కు పోయే కేబుల్ షీల్డు ఈ రెండు ఎర్త్‌లనూ కలిపేస్తుంది కాబట్టి ఆ తేడా షీల్డు గుండా కరెంటుగా పారుతుంది. షీల్డే సంకేతానికి తిరుగుదారి అయిన మామూలు మోనో కేబుల్‌లో అది నేరుగా రొదగా వినబడుతుంది. దీనినే గ్రౌండ్ లూప్ అంటాం. కొన్ని మండపాల్లో రొద ఎందుకు లేదో ఇక్కడే తెలిసిపోయింది. ఆ మండపాల్లో యాంప్, మిక్సర్ రెండూ ఒకే బోర్డు నుంచి తీసుకుంటున్నాయి. నా షాపులో ఎందుకు లేదో కూడా తెలిసింది, నా బల్ల మీద మిక్సరే లేదు. వేసవిలో ఎక్కువ కావడానికీ కారణం ఉంది. మా వైపు నేల రాతినేల, మే నెలలో ఎర్త్ గుంతలోని బొగ్గూ ఉప్పూ పొడిబారి, భూమితో సంబంధం బలహీనపడుతుంది. ఎర్త్ గుంతకు నీళ్లు పోయడం ఎవరి పని అని అడిగితే, ఆ మండపంలో పనివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

చేసింది రెండు పనులు. మొదటిది, సౌండ్ సెట్ వాళ్ల బోర్డు నుంచే వేదిక మీదికి ఒక ఎక్స్‌టెన్షన్ లాగించి, యాంప్, కీబోర్డు, రిథమ్ ప్యాడ్ అన్నీ దానికే పెట్టించాను. దీనివల్ల వేదిక మీది సామాన్లన్నీ ఒకే ఫేజు మీదికి కూడా వస్తాయి. మండపాల్లో వేర్వేరు గోడల సాకెట్లు వేర్వేరు ఫేజుల మీద ఉండటం మామూలు, రెండు ఫేజుల మధ్య 400 వోల్టులుంటాయి. ఈ ఒక్క పనితోనే రొద చాలావరకు పోయింది. రెండోది, బేస్‌కూ మిక్సర్‌కూ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాసివ్ డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) బాక్స్. దానిలో సంకేతం అయస్కాంతం ద్వారా దాటుతుంది, రెండు వైపుల షీల్డులూ లోహంతో కలవనక్కరలేదు. ‘గ్రౌండ్ లిఫ్ట్’ మీట నొక్కితే ఆ కలయిక తెగుతుంది. ఎర్త్ పిన్ పీకి ఆయన సాధించాలనుకున్నది ఇదే. తెంచవలసింది సంకేతం దారిలోని ఎర్త్‌ను, ఆయన తెంచింది ప్రాణం కాపాడే ఎర్త్‌ను.

డీఐ బాక్స్‌ను ఎక్కడ పెట్టాలన్నదానిలో ఒకసారి దిద్దుకోవలసి వచ్చింది. మొదట అందరూ చెప్పే పద్ధతిలో గిటార్‌కూ యాంప్‌కూ మధ్యన పెట్టాను. పాసివ్ పికప్‌లు ఒక మెగా ఓమ్ దరిదాపు ఇన్‌పుట్‌ను కోరుకుంటాయి, పాసివ్ డీఐ బాక్స్ అంతకన్నా చాలా తక్కువ ఇంపిడెన్సుతో (సంకేతానికి ఎదురయ్యే నిరోధంతో) వాటి మీద బరువు వేస్తుంది. పై స్థాయి మెరుపు మందగించింది, ఆయన వెంటనే పట్టేశారు. యాక్టివ్ డీఐ వాడితే ఆ బరువు ఉండదు కానీ చాలా రకాలకు మిక్సర్ నుంచి మైకు కేబుల్ మీదే వచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి. అది వెళ్లేది కేబుల్‌లోని మూడు తీగల మీదే కాబట్టి చవక రకాల్లో గ్రౌండ్ లిఫ్ట్ అనుకున్నట్టు పనిచేయదు. పైగా ఊరూరా మారే మిక్సర్లలో ఫాంటమ్ ఉంటుందన్న నమ్మకం లేదు. చివరకు పాసివ్ బాక్స్‌నే యాంప్ లైన్ అవుట్ తరువాత, 20 డెసిబెల్ తగ్గించే ప్యాడ్ వేసి పెట్టాను. లైన్ అవుట్ తక్కువ ఇంపిడెన్సుది, ఆ బరువు దానికి లెక్క కాదు. నష్టమేమిటంటే యాంప్ టోన్ నాబ్‌లు తిప్పితే జనానికి వినబడే ధ్వని కూడా మారుతుంది. ఆ సంగతి చెప్పి, కచేరీ మధ్యలో వాటి జోలికి పోవద్దన్నాను.

నాయిస్ గేట్ గురించి ఒక్క మాట. అది స్వరాల మధ్య మౌనంలో రొదను మూసేస్తుందే తప్ప, స్వరం తెరుచుకోగానే రొద కూడా దానితో పాటు బయటికి వస్తుంది. బేస్ స్వరం సన్నగా ఆరిపోయే చివరను కూడా కత్తిరించేస్తుంది. ఆయన దానిని అమ్మేశారు.

సన్నబడిపోయే శబ్దం

పాట మధ్యలో శబ్దం పడిపోవడానికి నేను వేసుకున్న వరుస ఎవరైనా వేసుకునేదే: కేబుల్, గిటార్ జాక్, నాబ్‌లు, ఆ తరువాత యాంప్. గిటార్ జాక్ నట్టు వదులై లోపలి వైరు మెలికపడి ఉంది. జాక్ మార్చి, నాబ్‌లలో కాంటాక్ట్ క్లీనర్ కొట్టాను. యాంప్ విషయంలో ముందు భాగమా, పవర్ భాగమా అని తేల్చుకోవడానికి వెనక ఉన్న ఎఫెక్ట్స్ రిటర్న్ సాకెట్‌లోకి సిగ్నల్ పంపి రెండు గంటలు వాయించాను (ఎఫెక్ట్ పెడల్‌కు సంకేతం పోయే సాకెట్ సెండ్, తిరిగి వచ్చేది రిటర్న్). ఒక్కసారి కూడా పడిపోలేదు. వదులైన జాకే కారణమని రాసుకొని పంపేశాను. మూడు ప్రోగ్రాములు బాగా జరిగాయి, నాలుగోదానిలో శబ్దం మళ్లీ పడిపోయింది.

ఈసారి సామాను తెరవకుండా ఆయనను కూర్చోబెట్టి, పడిపోయిన శబ్దం ఎలా తిరిగి వస్తుందని అడిగాను. ఆయన కాస్త ఆలోచించి, గట్టిగా ఒక దెబ్బ కొడితే వచ్చేస్తుందని, అందుకే అలా అయినప్పుడల్లా బొటనవేలితో స్లాప్ చేస్తానని చెప్పారు. తెగిన వైరు గట్టి స్వరానికి అతుక్కోదు. చిలుము పట్టిన స్విచ్ కాంటాక్టు మాత్రం చిన్న సంకేతాన్ని అడ్డుకొని, పెద్ద సంకేతం రాగానే ఆ పొరను ఛేదించి దారి ఇస్తుంది. ఆ యాంప్‌లో అలాంటి కాంటాక్టు ఉన్నది రిటర్న్ సాకెట్‌లోనే. అందులో ఏ పిన్నూ పెట్టనప్పుడు ముందు భాగం నుంచి పవర్ భాగానికి సంకేతం ఆ సాకెట్ లోపలి చిన్న పత్తీ గుండానే పోతుంది. ఆయన ఎఫెక్ట్స్ వాడరు, ఏళ్ల తరబడి అందులో పిన్ పెట్టలేదు. జాతర దుమ్మూ వానకార్తెల చెమ్మా కలిసి ఆ పత్తీ మీద పొర కట్టాయి.

నా రెండో తప్పు ఇక్కడ బయటపడింది. మొదటి పరీక్షలో నేను రిటర్న్‌లోకి పిన్ గుచ్చినప్పుడే పత్తీ రాపిడికి శుభ్రమైంది. నేను జబ్బును వెతకడం లేదు, తెలియకుండా మూడు ప్రోగ్రాములకు సరిపడా వైద్యం చేస్తున్నాను. జాక్ మార్చినందువల్ల నయమైందని నమ్మింది దాన్నే.

ఈసారి ఏమీ ముట్టుకోకుండా, సెండ్ నుంచి రిటర్న్‌కు జానెడు ప్యాచ్ కేబుల్ ఒకటి ఇచ్చి, దానితోనే అయిదు ప్రోగ్రాములు వాయించమన్నాను. పిన్ లోపల ఉంటే సంకేతం పత్తీని తప్పించుకొని కేబుల్ గుండా పోతుంది. అయితే పిన్ గుచ్చడమే పత్తీని మళ్లీ తుడుస్తుంది కాబట్టి, అయిదు ప్రోగ్రాములు బాగుండటం ఒక్కటే రుజువు కాదు. అందువల్ల ఆ తరువాత యాంప్ తెచ్చుకొని పత్తీని విడిగా మీటరుతో కొలిచాను. చట్రాన్ని వేలితో తట్టినప్పుడల్లా నిరోధం కొన్ని ఓమ్‌ల నుంచి కిలో ఓమ్‌లకు ఎగబాకింది. సాకెట్ మార్చాను. విడిభాగం ధర 60 రూపాయలు. వేదిక మీద ఎప్పుడైనా అవసరపడుతుందని ఆ ప్యాచ్ కేబుల్‌ను ఆయన గిటార్ సంచిలోనే ఉంచమన్నాను.

కరకర

నాలుగో ఫిర్యాదుకు కరెంటుతో పని లేదు. గిటార్‌ను దేనికీ కలపకుండా, చెవి దగ్గర పెట్టుకొని వాయిస్తే కరకర అలాగే ఉంది. సన్నని తీగలు వేయడంతో నెక్ మీది లాగుడు తగ్గి, లోపల ఉండే ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ దాన్ని వెనక్కి వంచేసింది. తీగలు మొదటి ఫ్రెట్లకు తగులుతున్నాయి. రాడ్‌ను పావు చుట్టు వదులు చేసి ఒక రాత్రి ఉంచి, ఏడో ఫ్రెట్ దగ్గర 0.3 మిల్లీమీటర్ల సందు వచ్చాక, పన్నెండో ఫ్రెట్ దగ్గర స్వరం సరిచూసి బ్రిడ్జి శాడిళ్లు జరిపాను. గంట పని.

జనరేటర్

ఇంతటితో మండపాల సమస్య తీరింది. జాతరల్లో మాత్రం ఇంకా రొద వస్తూనే ఉండేది, అక్కడ కరెంటంతా డీజిల్ జనరేటర్‌దే. ఇక్కడ ఆయన చెవి నా మీటరుకన్నా ముందు పనిచేసింది. బేస్‌లో అన్నిటికన్నా లావుపాటి ‘ఈ’ (E) తీగ మూడో ఫ్రెట్ మీది జీ (G) స్వరం 49 హెర్ట్జ్, దాని పై జీ షార్ప్ 51.9. మన సరఫరా 50 హెర్ట్జ్ రొద ఆ రెండింటికీ మధ్య, జీకి కాస్త పైన పడుతుంది. విడిగా మోగే జీ తీగ 98 హెర్ట్జ్, రొద రెట్టింపు స్వరం 100. అందుకే మండపాల్లో జీ తీగ వాయిస్తే సెకనుకు రెండుసార్లు ఊగినట్టు ఉండేదని, తీగ శ్రుతి తప్పిందేమోనని పదే పదే ట్యూనర్ చూసుకునేవాడినని ఆయన చెప్పారు. జనరేటర్ మీద మాత్రం రొద సరిగ్గా జీ షార్ప్ మీద కూర్చుంటోందన్నారు. బరువు తక్కువగా ఉన్నప్పుడు వేగాన్ని అదుపు చేసే మామూలు గవర్నర్ ఉన్న డీజిల్ ఇంజన్ 52 హెర్ట్జ్ దగ్గర తిరిగి, లైట్లన్నీ వెలిగాక 50కి దిగుతుంది. ఆయన విన్నది అదే.

ఆ జనరేటర్లను ఒక జాతరలో పరిశీలిస్తే, బోర్డులోని ఎర్త్ సాకెట్లు ఎక్కడికీ కలిసి లేవు, న్యూట్రల్ కూడా భూమికి కలిసి లేదు. మూడు పిన్నుల ప్లగ్ పెట్టినా ఎర్త్ ఉత్తదే. సౌండ్ సెట్ వాళ్లతో మాట్లాడి, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత రాగి రాడ్ కొట్టించి, జనరేటర్ దగ్గర న్యూట్రల్‌ను దానికి కలిపించి, వేదిక లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా తెంచే స్విచ్) పెట్టించాము. న్యూట్రల్‌ను కలపకుండా ఆర్‌సీసీబీ ఒక్కటే పెడితే, లీకైన కరెంటుకు తిరుగుదారి లేక అది పడిపోదు. అది ఉందన్న ధైర్యం మాత్రమే మిగులుతుంది. సౌండ్ సెట్ యజమాని మొదట ఖర్చెందుకన్నారు. ఆయన సొంత గాయకుడికి కూడా పెదవుల మీద జివ్వుమన్న సంగతి గుర్తుచేశాక ఒప్పుకున్నారు.

ఈ కేసు తరువాత మార్చుకున్నవి

రొద అంటూ వచ్చేవారిని ఇప్పుడు గిటార్ సంచి విప్పకముందే మూడు అడుగుతున్నాను. గిటార్ వాల్యూమ్ సున్నా చేస్తే పోతుందా, రొద రాని చోటు ఏదైనా ఉందా, ఎక్కడైనా షాక్ కొట్టిందా. మూడోది వాళ్లంతట వాళ్లు చెప్పరు, అడగాలి. నా బల్ల పక్కన ఒక పాత నాలుగు చానళ్ల మిక్సర్‌ను వేరే సాకెట్ మీద శాశ్వతంగా పెట్టాను, వేదిక మీద ఉండే అమరిక ఇక్కడ కూడా ఉండాలని. నేను వేసే ప్రతి పరీక్షకూ పక్కన, ఆ పరీక్షే వస్తువును మార్చేస్తుందా అని ఒక గడి గీసుకున్నాను. ఎఫెక్ట్స్ రిటర్న్ సాకెట్ మీద ఇప్పుడు ముందే టేపు అంటిస్తాను, అలవాటున చెయ్యి అటు పోకుండా.

అన్ని రొదలూ పోలేదు. పాత డిమ్మర్లతో లైట్లు నడిపే ఒకటి రెండు చోట్ల, ఒక పికప్ మాత్రమే తెరిచి వాయిస్తే రొద ఇప్పటికీ వస్తుంది. ఆయన లైట్ల వైపు నుంచి పక్కకు తిరిగి నిలబడి తగ్గించుకుంటున్నారు. సింగిల్ కాయిల్ ఉన్నంతకాలం అంతే.

ఆషాఢం వెళ్లాక శ్రావణం ముహూర్తాల్లో ఒక రాత్రి తొమ్మిదిన్నరకు పలమనేరు వైపు నుంచి ఫోన్ వచ్చింది. వెనక నాదస్వరం వినబడుతోంది. “గుయ్ మంటాందన్నా. నాబ్ తగ్గిస్తే పోలేదు. జీ కాదు, జీ షార్ప్ మీద ఉండాది” అన్నారు. జనరేటర్ దగ్గరికి ఎవరినైనా పంపి రాడ్ క్లాంప్ చూడమన్నాను. పది నిమిషాల తరువాత మళ్లీ ఫోన్ చేశారు. ఎవరో కుర్చీలు దింపుతూ తీగను తన్నారట, క్లాంప్ ఊడి నేల మీద పడి ఉందట.